వెండితెరయు వెలుతురు చేయు పనులును

మన తెలుగువారు చలనచిత్రమును ‘వెండితెర’ యని పిలుతురు. ఈ మాటను దినమునకు పదిమాఱులు పలుకువారు కూడ, సినిమాకును వెండికిని సంబంధమేమని ప్రశ్నించుకొనుట యరుదు. తొలినాళ్లలో ప్రదర్శనశాలలయందలి తెరకు వెండివలె మెఱయు లోహపుపూత పూయుచుండిరి. దీపమునుండి వచ్చిన వెలుతురు ఆ పూతవలన చూపరులవైపునకు హెచ్చుగా మరలెడిది. పేరు అందుండి పుట్టినది. కాని సినిమాకు ప్రాణమైన నిజమైన వెండి తెరపైగాక, కెమెరాలోని ఫిల్ముచుట్టలో నుండెను. ఆ వెండిని కదిలించి బొమ్మగా మార్చినది వెలుతురు.

వెలుతురు వస్తువులను చూపునని అందఱమును ఎఱుగుదుము. అది వస్తువులను చేయునని ఎఱిగినవారు కొందఱే. కంటికి కనబడనంత సూక్ష్మమైన పనులను వెలుతురుచేత చేయించుకొను విద్య గడచిన కొన్ని దశాబ్దములలో మిక్కిలి పెరిగినది. ఆ విద్యకు తొలిబడులలో నొకటి సినిమా ఫిల్ము. జూబిలీహిల్సు, ఫిల్మునగరుల చాయలనుండు మన విద్యార్థులకు ఈ సంగతి తెలియుట ఉచితమని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట ఇంటిలోని యుదాహరణమును చూతము. తెల్లనిబట్టపై పసుపుమరక పడినయెడల మన తల్లులు దానిని ఉతికి యెండలో ఆరవేయుదురు. సాయంత్రమునకు మరక చాలవఱకు పోవును. సబ్బునకు లొంగని మరక ఎండకెట్లు లొంగెను? పసుపునకు రంగునిచ్చు పదార్థపు అణువులను సూర్యకాంతి విఱుగగొట్టును. విఱిగిన అణువునకు ఆ రంగుండదు. కావున వెలుతురు పదార్థమును తాకి ఊరక మరలిపోవునది కాదు. దాని లోపలి కట్టడమును మార్చగలదు. ఎండవలన వెలిసిపోయిన తలుపుతెరలును ఇందుకే సాక్ష్యము.

ఇక ఫిల్ము సంగతి. పారదర్శకమైన పలుచని పట్టీపై జెలటిన్ అను జిగురును పూసి, ఆ జిగురులో వెండియు బ్రోమినును కలిసిన లవణపు స్ఫటికములను చల్లియుంతురు. ఈ స్ఫటికములు మిక్కిలి చిన్నవి. వాని కొలతకు మనకు నానోమీటరు కావలెను. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఫిల్ములోని స్ఫటికము సాధారణముగా కొన్ని వందల నానోమీటర్లు మొదలు ఒకటి రెండు వేలవఱకు నుండును.

వెలుతురు ఆ స్ఫటికముపై బడినప్పుడు అందుండి ఒక ఎలక్ట్రాను విడివడును. అది స్ఫటికములో నొకచోట చిక్కుకొని, తనవద్దకు వచ్చిన వెండి అయానుతో కలిసి దానిని వెండి పరమాణువుగా మార్చును. ఈ విధముగా నాలుగు పరమాణువులు ఒకచోట కూడినచో చాలును. ఆ స్ఫటికమునకు గుఱుతు పడినట్లే. ఈ ప్రక్రియను 1938వ సంవత్సరమున గర్నీ, మాట్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. నాలుగు పరమాణువుల ముద్ద ఒక నానోమీటరుకన్నను చిన్నది. దానిని ఏ కన్నును చూడలేదు. కాని ఫిల్మును డెవలపరు ద్రావకములో ముంచినప్పుడు, గుఱుతు పడిన స్ఫటికములోని లక్షలకొలది, కోట్లకొలది వెండి అయానులన్నియు నల్లని వెండిగా మారును. గుఱుతు పడనివి మారవు. వానిని హైపో ద్రావకము కరగించి తీసివేయును. వెలుతురు పడినచోట నలుపును, పడనిచోట తెలుపును మిగులును. ఇదియే నెగటివు. ‘నానో’ యను మాట జనుల నోట నానుటకు ఎంతో పూర్వమే, ఛాయాచిత్రకారుడు నాలుగు పరమాణువుల ముద్దతో పనిచేయుచుండెనన్నమాట!

తెలుగు చిత్రపరిశ్రమ మొదట మద్రాసున నెలకొని, క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను 1976లో నెలకొల్పిరి. రామానాయుడుగారి స్టూడియో ఫిల్మునగరు కొండమీద వెలసినది. ఱాళ్లును ముండ్లపొదలును నిండిన ఆ మిట్టలు స్టూడియోలతోను, కూర్పుగదులతోను, ధ్వనిముద్రణశాలలతోను నిండెను. ఆ కాలమున చిత్రమనగా ఫిల్మే. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు పదునాఱు బొమ్మలుండును. సెకనునకు 24 బొమ్మల చొప్పున నిమిషమునకు 90 అడుగులు నడచును. రెండున్నర గంటల చిత్రమునకు 13,500 అడుగులు కావలెను. ఇది యొక్క ప్రతికి మాత్రమే. ఒక్కొక్క ప్రదర్శనశాలకు నొక్కొక్క ప్రతి యుండవలెను. అట్టి చుట్టలను ద్రావకములలో నడిపించి, కడిగి, ఆరబెట్టు పనివారు చీకటిగదులలో తమ చేతివ్రేళ్ల యెఱుకను నమ్ముకొని జీవించిరి. రంగుచిత్రములలో కడపట వెండియంతయు తీసివేయబడి రంగుపదార్థములు మాత్రమే మిగులును గాన, వాడిన ద్రావకములనుండి వెండిని తిరిగి రాబట్టుటయు ఆ వృత్తిలో నొక భాగమై యుండెను.

ఈ వెండియే ఒకవిధముగా మన చిత్రములకు శత్రువును అయినది. ఆట తీరిన పాతచిత్రముల చుట్టలను, అందలి వెండికొఱకు తూకమునకు అమ్మివేసిన కాలము మన దేశమున గడచినది. కొన్ని చుట్టలు వేడికిని తేమకును చెడిపోయినవి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను చూడగోరువారికి నేడు దాని ప్రతి లభింపదు. వెలుతురు వ్రాసిన వ్రాతను భద్రపరచుట మనుష్యుని పని. ఆ పనిలో మనము చాల పోగొట్టుకొంటిమి.

కాలము మారినది. ఈ శతాబ్దపు రెండవ దశాబ్దమున డిజిటల్ కెమెరా ఫిల్మును ప్రక్కకు నెట్టినది. అమెరికాలోని కోడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణను కోరెను. జపానులోని ఫూజీ సంస్థ 2013లో చిత్రీకరణఫిల్మును చేయుట మానెను. చీకటిగది పనివారు చాలమంది వేఱు పనులు వెదకుకొనవలసివచ్చెను. ఫిల్ముతోపాటు ఆ విద్యయు గతించినదని పెక్కురు తలచిరి. ఆ తలపు సరియైనది కాదు. ఫిల్మును తొలగించిన ఆ డిజిటల్ కెమెరాలోని చిప్పు ఎట్లు పుట్టునో చూచినచో, చీకటిగది విద్యయే మఱియొక యింట కొలువు దీరియున్నదని తెలియును.

ఆ చిప్పు సిలికాన్ అను మూలకపు పలకపై చేయబడును. ఇసుకలోనుండి తీసిన సిలికానును మిక్కిలి శుద్ధి చేసి, అద్దమువలె నునుపైన గుండ్రని పలకగా కోయుదురు. దానిపై వెలుతురునకు మారు స్వభావముగల ఒక పూతను పూయుదురు. దీనిని ఫోటోరెసిస్టు అందురు. ఇది ఫిల్ముపైని జిగురుపూతకు బంధువు. గీయదలచిన నమూనాను ఒక మూసపై సిద్ధపఱచి, దానిగుండ వెలుతురును పంపి, కటకములచే చిన్నది చేసి, పలకపై పడవేయుదురు. వెలుతురు పడినచోట పూత మారును. పిమ్మట పలకను డెవలపరులో ముంచగా మారినభాగము కరగిపోవును. బయలుపడిన చోటులను చెక్కుదురు, లేక వేఱు పదార్థముతో నింపుదురు. ఇట్లు పొరమీద పొరగా పలుమాఱులు చేయగా కోట్లకొలది సూక్ష్మభాగములుగల చిప్పు తయారగును. పూత, వెలుతురు, డెవలపరు, కడుగుట: ఈ వరుసను విన్న చీకటిగది పనివాడు ‘ఇది మా పనియే కదా’ యనకుండునా? అంతియే కాదు. సినిమాకెమెరా చిప్పుపై వెలుతురు పడినప్పుడును మొదట జరుగునది ఎలక్ట్రాను విడివడుటయే. ఫిల్ములో ఆ ఎలక్ట్రాను వెండికి చేరెను; ఇచ్చట లెక్కకు చేరుచున్నది.

ఈ పనికి వెలుతురే హద్దు, వెలుతురే సాధనము. మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసిరి. గంటపుమొన మొద్దుగానున్నచో సన్నని యక్షరము రాదు. వెలుతురునకు తరంగదైర్ఘ్యము గంటపుమొన వంటిది. మన కంటికి కనబడు వెలుతురు తరంగదైర్ఘ్యము సుమారు 400 మొదలు 700 నానోమీటర్లు. అంతకన్న మిక్కిలి చిన్న గీతలు గీయుటకు ఆ మొన పనికిరాదు. అందువలన చిప్పులను చేయువారు మొనను క్రమక్రమముగా చెక్కుచు వచ్చిరి. పాదరసదీపపు వెలుతురుతో మొదలుపెట్టి, కంటికి కనబడని అతినీలలోహిత కిరణములకు దిగి, 248 నానోమీటర్లకు, పిదప 193కు వచ్చిరి. తుదకు 13.5 నానోమీటర్ల కిరణమును సాధించిరి. దానితో చేసిన చిప్పులు 2019వ సంవత్సరము నుండి చరవాణులలోనికి వచ్చినవి.

ఈ 13.5 నానోమీటర్ల కిరణమును పుట్టించు తీరు వినదగినది. నెదర్లాండ్సు దేశమున ఏఎస్ఎంఎల్ అను సంస్థ చేయు యంత్రములో కరగిన తగరపు బిందువులు సెకనునకు 50,000 చొప్పున జాఱుచుండును. ప్రతి బిందువును లేసరుకిరణము ఒకమాఱు కొట్టి చదును చేయును. మఱియొకమాఱు గట్టిగా కొట్టి, సూర్యుని ఉపరితలముకంటెను పెక్కురెట్లు వేడియైన ఆవిరిగా మార్చును. ఆ యావిరినుండి కావలసిన కిరణము వెడలును. దీనిని గాలియు మ్రింగును, గాజును మ్రింగును. కావున యంత్రములో గాలిని తీసివేసి, కటకములకు బదులుగా మిక్కిలి నునుపైన అద్దములచే కిరణమును నడుపుదురు. ఇంత ప్రయాస యెందుకనగా, గంటపుమొన సన్నబడుటకే.

వెలుతురు పలకలపై గీయుటయేగాక, పోతపోసినట్లు వస్తువులను నిలువుగను కట్టగలదు. దంతవైద్యుని వద్ద పిప్పిపంటిని పూరించుకొన్నవారు నీలపువెలుతురు చిమ్ము చిన్నదీపమును చూచియుందురు. ముద్దవలెనున్న పూరకము ఆ వెలుతురు తగులగానే కొన్ని సెకనులలో గట్టిపడును. చిన్న అణువులు గొలుసులుగా ముడివడుటయే అందుకు కారణము. ఈ సూత్రమునే మిక్కిలి సూక్ష్మమైన పనికి తెచ్చి, జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయమువారు 2001లో ఒక ఎద్దుబొమ్మను చేసిరి. దాని పొడవు 10 మైక్రాన్లు, అనగా 10,000 నానోమీటర్లు మాత్రమే. మన నెత్తురులోని ఎఱ్ఱకణమునకు ఇంచుమించు సమానము. లేసరుకిరణము జిగురుద్రవములో ఒక్క బిందువు వద్ద మాత్రమే మిక్కిలి తీక్ష్ణమగునట్లు చేసినచో, ఆ బిందువు మాత్రమే గట్టిపడును. బిందువును జరుపుకొనుచు పోయినచో కోరిన రూపము ఏర్పడును.

ఇట్టి పరిశోధన దూరదేశములలోనే జరుగుచున్నదని మనము తలపరాదు. జూబిలీహిల్సునకు పడమట గచ్చిబౌలిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము కలదు. అచ్చట ఆచార్య సోమ వేణుగోపాలరావుగారును వారి శిష్యులును వెండి, బంగారు పలకలను ద్రవములో నుంచి, ఫెమ్టోసెకను లేసరుచే కొట్టి, ఆ లోహముల నానోకణములను చేసిరి. ఒక సెకనును పదిలక్షల భాగములు చేసి, అందొకదానిని మరల నూఱుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము ఫెమ్టోసెకను. దెబ్బ అంత స్వల్పకాలమే యుండుటచేత చుట్టుపట్ల వేడి ప్రాకకమునుపే లోహము కణములై చిమ్మును. ఇట్టి బలమైన లేసరులకు మార్గము చూపిన మూరూ, డొనా స్ట్రిక్లాండు అనువారికి 2018లో నోబెలు బహుమానము వచ్చినది.

ఆ వెండికణముల ప్రయోజనమేమి? సర్ సి. వి. రామనుగారు 1928లో కనుగొనిన సంగతిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒక పదార్థముపై పడి చెదరిన వెలుతురులో మిక్కిలి కొద్దిభాగము రంగు మారి వచ్చును. ఆ మార్పు పదార్థమునకు వ్రేలిముద్రవంటిది. అయితే అది మిక్కిలి బలహీనము. వెండి నానోకణములు తమ చెంతనున్న వెలుతురును గుమిగూర్చి ఆ ముద్రను ఎన్నో లక్షలరెట్లు స్పష్టము చేయును. దీనివలన ప్రేలుడుపదార్థములు లవలేశమున్నను కనిపెట్టవచ్చును. ఒకప్పుడు ఫిల్ములో బొమ్మను దాచిన వెండియే నేడు ప్రజలప్రాణములను కాపాడు పరీక్షలలో పనిచేయుచున్నది. రామనుగారు బాల్యమున విశాఖపట్టణమునందు మిషనువారి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివిరని మన బాలురు మఱువకుందురుగాక.

ఇక కడపటి యుదాహరణము మన బిడ్డల కన్నులకు సంబంధించినది. ఎల్. వి. ప్రసాదుగారిని ఎఱుగని తెలుగువారుండరు. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటను నటించి, పిదప దర్శకుడై, నిర్మాతయై, ఫిల్ములేబరేటరీల యజమానుడై వారు కీర్తిగాంచిరి. వెలుతురుతో జీవించిన ఆ కుటుంబమువారి దానముచేత, డాక్టరు గుల్లపల్లి నాగేశ్వరరావుగారి పూనికచేత, 1987లో బంజారాహిల్సునందు వారి పేర నేత్రవైద్యసంస్థ వెలసినది. అట్టి వైద్యశాలలలో నేడు వెలుతురే మందుగా జరుగు చికిత్స యొకటి కలదు.

కంటి నల్లగ్రుడ్డుకు ముందు గడియారపుటద్దమువంటి స్వచ్ఛపటలము కలదు. దీనిని వైద్యులు కార్నియా యందురు. ఇది యించుమించు అరమిల్లీమీటరు మందము గలది. ఇందు కొల్లాజెన్ అను మాంసకృత్తుపు పోగులు సుమారు 30 నానోమీటర్ల లావున, నేతగాని పడుగువలె సమానమైన దూరములలో పఱచియుండును. ఆ క్రమముండుటచేతనే అది పారదర్శకముగా నున్నది. కొందఱు పిల్లలకు పదునైదు, ఇరువది యేండ్ల ప్రాయమున ఈ పటలము బలహీనమై, పలుచబడి, శంకువువలె ముందుకు పొడుచుకొనివచ్చును. చూపు వంకరయగును, కండ్లద్దములు మాటిమాటికి మార్చవలసివచ్చును. ముదిరినచో వేఱొకరి పటలమును అతికింపవలసివచ్చును. ఈ రోగమునకు కెరటోకోనస్ అని పేరు.

జర్మనీదేశపు డ్రెస్డెను నగర వైద్యులు ఈ రోగమును నిలుపు ఉపాయమును 2003లో ప్రకటించిరి. ‘బి’ విటమిన్లలో నొకటియైన రైబోఫ్లేవినును చుక్కలుగా కంటిలో వేసి, పిదప సుమారు 365 నానోమీటర్ల అతినీలలోహిత కిరణమును కొలతప్రకారము ప్రసరింపజేయుదురు. మొదటి పద్ధతిలో ఇది అరగంట జరుగును. ఇంకను శీఘ్రమైన పద్ధతులును వచ్చినవి. వెలుతురు తగిలిన విటమిను కొల్లాజెన్ పోగులమధ్య క్రొత్త ముడులను వేయించును. వదులైన నేత బిగిసినట్లు పటలము గట్టిపడును. దంతవైద్యుని పూరకము గట్టిపడుటకును దీనికిని సూత్రమొక్కటే. అయితే ఈ చికిత్స పోయిన చూపును తిరిగి తేదు. రోగము ముదురకుండ నిలుపుటకే ఇది పుట్టినది. అందుచేత తొందరగా కనిపెట్టుటయే ముఖ్యము. తల్లిదండ్రులకు నా మనవి: ఏడాదికి రెండుమాఱులు అద్దముల కొలత మారుచున్న బిడ్డను, కన్నులను తఱచుగా నులుముకొను బిడ్డను ఉపేక్షింపక నేత్రవైద్యునికి చూపవలెను. కన్ను నులుముట యీ రోగమునకు తోడ్పడునని వైద్యులు చెప్పుచున్నారు. పిల్లలారా, దురదపుట్టినను కన్ను నులుమకుడు.

వెలుతురును కొలతలేక వాడినచో కీడును కలదు. వైద్యుడు కొలతతో వాడు అతినీలలోహిత కిరణములే, వెల్డింగుచేయుచోట ముసుగులేక చూచినవాని కంటిని మండించును. లేసరుకిరణమును ఆటకొఱకు కంటిలోనికి వేయుట మిక్కిలి ప్రమాదకరము. నానోకణములును తమ చిన్నతనముచేతనే క్రొత్తగుణములు గలవియైనందున, వానితో పనిచేయువారు జాగ్రత్తలను పాటింపవలెను.

విద్యార్థులారా! ఫిల్మునగరుచాయల నడచుచు, ఏనాటికైనను ఆ కెమెరాముందు నిలువవలెనని కోరుకొనువారు మీలో కొందఱుందురు. ఆ కోరిక తప్పుకాదు. కాని ఆ వెలుతురుముందు నిలుచువారి సంఖ్య కొద్ది; ఆ వెలుతురుతో పనిచేయువారికి చోటు పెద్దది. రసాయనశాస్త్రపు గదిలో వెండినైట్రేటు ద్రావకమును గోధుమరంగు సీసాలోనే యేల యుంచుదురో మీరడిగి తెలిసికొన్నచో, ఈ విద్యకు మొదటిమెట్టు ఎక్కినట్లే. కాంతిని గూర్చిన పాఠమును, స్ఫటికములను గూర్చిన పాఠమును పరీక్షకు మాత్రమే చదివి మఱువకుడు. మీ యింట పాతఫోటోలును, నెగటివులును, చలనచిత్రపు చుట్టలును ఉన్నయెడల పాఱవేయక, తూకమునకు అమ్మక, తేమయు వేడియు తగులనిచోట భద్రపఱపుడు. అందు మీ తాతలనాటి వెలుతురు వెండిలోనో, రంగులోనో నిలిచియున్నది.